చలికాలంలో మలబద్ధకం: మందుకన్నా ముందు మన వంటిల్లు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



చలికాలం వస్తోందంటే మన ఇళ్ళల్లో ఎన్ని జాగ్రత్తలు మొదలవుతాయో చూడండి. పెట్టెలో మడిచిపెట్టిన దుప్పట్లు ఎండకు ఆరేస్తాం. పిల్లల స్వెట్టర్లు బయటికి తీస్తాం. దగ్గుకు మిరియాల కషాయం, పెదవులు పగలకుండా వెన్నపూస, అత్తగారి మోకాళ్ళకు నువ్వులనూనె అన్నీ సిద్ధం చేసుకుంటాం. వీటన్నిటి గురించీ పక్కింటావిడతో గోడ దగ్గర నిలబడి మాట్లాడుకుంటాం. కానీ ఇదే కాలంలో ఇంటికి ఒకరినైనా పట్టి బాధించే ఇంకొక ఇబ్బంది ఉంది. దాని పేరు మాత్రం ఎవరూ పైకి చెప్పరు. అదే మలబద్ధకం.

"ఇదేమైనా నలుగురిలో మాట్లాడుకునే విషయమా?" అని మీలో కొందరు మొహం చిట్లించుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలా అనుకున్నదాన్నే. ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నమ్మ విషయంలో ఈ సిగ్గు ఎంత పని చేసిందో చూశాక నా అభిప్రాయం మార్చుకున్నాను. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు అసలు విషయానికి వద్దాం.

రోజూ కాకపోతే జబ్బేనా?

రోజూ పొద్దున్నే విరేచనం కాకపోతే ఏదో జబ్బు చేసినట్టేనని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. కొందరికి రోజుకు రెండు మూడుసార్లు అవుతుంది, కొందరికి రెండు రోజులకు ఒకసారి అవుతుంది. రెండూ సహజమే. వారానికి మూడుసార్లకన్నా తక్కువగా అవుతున్నా, ప్రతిసారీ బాగా ముక్కాల్సి వస్తున్నా, గట్టిగా ఉండలుగా వస్తున్నా, అయిన తర్వాత కూడా ఇంకా మిగిలిపోయినట్టే అనిపిస్తున్నా దాన్ని మలబద్ధకం అంటారు.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగర వైద్యులు 1997లో మలాన్ని దాని రూపాన్నిబట్టి ఏడు రకాలుగా విభజించి ఒక పట్టిక వేశారు. ఇప్పటికీ డాక్టర్లు దాన్ని వాడుతున్నారు. అందులో మొదటి రకం అచ్చంగా మన మేక పెంటికల్లాంటిది. మొదటి రెండు రకాలూ మలబద్ధకానికి గుర్తు. అరటిపండులాగా మెత్తగా, నునుపుగా ఉండే నాలుగో రకం మంచి ఆరోగ్యానికి గుర్తు. కాబట్టి ఎన్నిసార్లు అయిందన్న లెక్కకన్నా ఎలా అయిందన్నదే ముఖ్యం.

కాలువ చివర మడిలాగా

మన కర్నూలు, కడపలవాళ్ళకు ఈ సంగతి చెప్పడం సులువు. కె.సి. కెనాల్ మనకు తెలిసిందే కదా. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడపదాకా వస్తుంది. దారిపొడుగునా పొలాలవాళ్ళు నీళ్ళు తీసుకుంటూ ఉంటారు. పైనుంచి వచ్చే నీళ్ళు తగ్గి, పారకం మందగించిందనుకోండి, చివరి మడిదాకా వచ్చేసరికి మిగిలేది బురదే.

మన పెద్దపేగు కూడా అలాంటిదే. దాని పొడవు సుమారు ఐదడుగులు. రోజుకు లీటరున్నర దాకా నీరు అందులోకి వస్తుంది. అందులో చాలా భాగాన్ని పేగు గోడలు మళ్ళీ ఒంట్లోకి పీల్చేసుకుంటాయి. మలంతోపాటు బయటికి పోయేది అరగ్లాసు, గ్లాసు నీరు మాత్రమే. తిన్నదాంట్లో పీచు లేకపోతే, తాగే నీళ్ళు చాలకపోతే, మనిషి కదలకుండా కూర్చుంటే పేగులో కదలిక మందగిస్తుంది. అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంత నీరు ఇంకిపోతుంది. మిగిలింది గట్టిపడి రాయిలా తయారవుతుంది.

మనకు చలి ఎంతని?

మంచు కురిసే దేశమా మనది? కర్నూల్లోనైనా కడపలోనైనా డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి పదహారు, పదిహేడు డిగ్రీల దగ్గర ఉంటే మధ్యాహ్నానికి ఎండ ముప్ఫై డిగ్రీలకు చేరుకుంటుంది. మరి ఈ కాలంలోనే ఎందుకీ బాధ? తప్పంతా చలిది కాదు. చలి పేరుతో మనం మార్చుకునే అలవాట్లది.

మొదటిది నీళ్ళు. ఎండాకాలంలో దాహం మనల్ని వదలదు కాబట్టి చెంబులకు చెంబులు తాగుతాం. చలికాలంలో దాహం అనిపించదు. కానీ మన సీమ గాలి పొడిగాలి. పెదవులు పగిలి, మడమలు చీలి, చర్మం తెల్లగా పొట్టు లేస్తున్నదంటే చర్మంలోని తేమ ఆరిపోతున్నదనే కదా అర్థం. ఊపిరితోనూ, చర్మంనుంచీ నీరు పోతూనే ఉంటుంది. దాహం మాత్రం వెయ్యదు. పైగా కార్తీకమాసం ఉపవాసాలు కొన్ని. చుక్క పొడిచేదాకా మంచినీళ్ళయినా ముట్టనివాళ్ళు మనలో ఎంతమంది లేరు?

రెండోది కదలిక. పొద్దున్నే చలిగా ఉందని ఆలస్యంగా లేస్తాం. లేచీ లేవగానే పిల్లల స్కూలు, ఆయన ఆఫీసు, టిఫిన్ల హడావిడి. నడక లేదు. మధ్యాహ్నం ఎండకు వీపు పెట్టి కూర్చోవడమే హాయిగా ఉంటుంది.

మూడోది తిండి. చలికి నోరు వేడివేడి మిరపకాయ బజ్జీలు కోరుతుంది. పొద్దున ఉగ్గాని బజ్జి, లేదంటే ఎర్రకారం దోసె, మధ్యాహ్నం తెల్లన్నం, సాయంత్రం మళ్ళీ బొరుగులు. రుచికి వంక పెట్టలేం గానీ వీటిల్లో పీచు తక్కువ.

నాలుగోది ఆపుకోవడం. ఇది ప్రత్యేకంగా మన ఆడవాళ్ళ రోగం. ఇంట్లో మరుగుదొడ్లు లేని రోజుల్లో మన అమ్మలు, అమ్మమ్మలు తెల్లవారకముందు పోవాలి, లేకపోతే పొద్దు గూకేదాకా ఓర్చుకోవాలి. పగలు అవసరం రాకూడదని నీళ్ళు తాగడమే తగ్గించేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లోనే అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఓర్చుకునే అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు. అందరూ బాత్రూము వాడుకుని వెళ్ళిపోయాక కదా మన వంతు! కర్నూలునుంచి కడపకు బస్సులో పోవాలంటే నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా నాలుగు గంటల పైమాటే. దారిలో ఇబ్బంది పడాల్సి వస్తుందని ముందురోజు రాత్రినుంచే నీళ్ళు మానేసేవాళ్ళను నేనెరుగుదును. వచ్చిన పిలుపును పదేపదే ఆపుకుంటే పేగు కూడా పిలవడం మానుకుంటుంది. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

కంచంలో ఏం పోయింది?

మన తాతల కాలంలో ఈ సీమ తిండి ఏమిటి? జొన్నరొట్టె, రాగి సంగటి, కొర్రన్నం, సద్ద రొట్టె. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే నేలలో పండేవి అవే. వరి అన్నం పండగనాడు, చుట్టాలొచ్చిన నాడు. కాలువలు, బోర్లు వచ్చాక వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ప్రతి ఇంటికీ తెల్లన్నం అందింది. అది పేదవాడి ఆకలి తీర్చిన పని, దాన్ని తప్పు పట్టకూడదు. అయితే అన్నం వస్తూ వస్తూ రొట్టెనూ సంగటినీ కంచంలోంచి నెట్టేసింది. ఇప్పుడు హోటళ్ళలో సంగటి ముద్ద తెప్పించుకుని మురిసిపోతున్నాం. అందులోనూ రాగిపిండికన్నా బియ్యమే ఎక్కువ!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహారపదార్థాల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు. అదే వంద గ్రాముల జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లోనూ సజ్జల్లోనూ 11 గ్రాములు, కందిపప్పులో 9 గ్రాములు. జామపండులో 8 గ్రాముల పైనే. మునగాకులో కూడా 8 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

ఇక మన ఇంటి లెక్క చూసుకుందాం. రోజంతా మూడు వందల గ్రాముల బియ్యం తిన్నా పీచు 9 గ్రాములు దాటదు. అదే బియ్యం సగానికి తగ్గించి, రాత్రికి వంద గ్రాముల జొన్నపిండితో రొట్టెలు చేసుకున్నామనుకోండి. అన్నంలో 4, రొట్టెల్లో 10, పప్పు యాభై గ్రాములకు 4, ఒక కట్ట తోటకూరలో 4, ఒక జామపండులో 8. మొత్తం 30 గ్రాములు! ఇందులో ఖరీదైనది ఒక్కటైనా ఉందా? మందుల షాపుకు వెళ్ళాల్సింది ఏదైనా ఉందా?

రొట్టె తట్టడం రాదనేవాళ్ళు పిండిని మరిగే నీళ్ళతో కలిపి, వేడిమీదనే బాగా మర్దించి చపాతీ కర్రతో ఒత్తుకోవచ్చు. పిండిని జల్లించి పొట్టు పారేయకండి, ఆ పొట్టులోనే ఉంది మనకు కావలసింది. కొర్రలకు మన నంద్యాల ప్రాంతం పెట్టింది పేరు. సూర్యనంది అనే కొర్ర రకం నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలోనే రూపొందింది. అయితే కొర్రబియ్యం కొనేటప్పుడు మరీ తెల్లగా పాలిష్ పట్టినవి కొనకండి. అలాంటివి కొంటే ఎక్కువ ఖరీదు పెట్టి మళ్ళీ తెల్లబియ్యం తిన్నట్టే అవుతుంది.

చలికాలమంటే కూరగాయల కాలం కూడా. చిక్కుడు, మటిక్కాయలు, ముల్లంగి, పుంటికూర, తోటకూర అన్నీ లేతగా దొరుకుతాయి. సాయంత్రం బజ్జీలకు బదులు అలసంద గుగ్గిళ్ళో, ఉలవ గుగ్గిళ్ళో చెయ్యండి, పిల్లలు ఇష్టంగా తింటారు. జామ, రేగుపండ్లు, బొప్పాయి, పులివెందుల అరటిపండ్లు, చీనీకాయలు ఏది దొరికితే అది రోజూ ఒకటి ఉండాలి. అరటిపండు బాగా మాగినదే తినండి. పచ్చిగా ఉన్నది ఉన్న బాధను పెంచుతుంది. చీనీకాయ రసం తీసి పిప్పి పారేస్తే పీచు పోయినట్టే, తొనలు తొనలుగా తినండి. భోగినాడు నువ్వులద్దిన సద్ద రొట్టె, చిక్కుడు వంకాయ కూర చేసుకోవడం మన పెద్దలు పెట్టిన ఆచారం. ఒక్క భోగికే ఎందుకు, చలికాలమంతా వారానికి రెండుసార్లు చేసుకోకూడదా?

ఒక హెచ్చరిక. ఈ మాటలు విని రేపటినుంచే అన్నం మానేసి పీచు ఒక్కసారిగా పెంచేస్తే కడుపు ఉబ్బరించి, గ్యాసు పట్టి, "ఆవిడ మాట విని చెడ్డాం" అంటారు. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచండి. పీచుతోపాటు నీళ్ళూ పెరగాలి. నీళ్ళు లేకుండా పీచు మాత్రమే తింటే బిగువు ఇంకా ఎక్కువవుతుంది.

నీళ్ళు ఎన్నని తాగాలి? రోజుకు ఎనిమిది గ్లాసుల దాకా తాగితే మంచిది. మజ్జిగ, చారు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. చల్లటి నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తే గోరువెచ్చగా కాచి ఫ్లాస్కులో పోసి పొయ్యి పక్కనే పెట్టుకోండి. పని మధ్యలో కంటికి కనిపిస్తుంటే తాగుతాం. ఉపవాసం రోజున నీళ్ళు, పాలు, పండ్లు మానకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టరునడిగి తాగాలి.

మీకోసం పది నిమిషాలు

రాత్రంతా నిద్రపోయిన పేగు పొద్దున మనం లేవగానే మేలుకుంటుంది. కడుపులో ఏదైనా పడగానే ఇంకా చురుగ్గా కదులుతుంది. అందుకే గోరువెచ్చటి నీళ్ళో, టిఫినో పడ్డాక పిలుపు వస్తుంది. ఆ సమయంలో మనం ఎక్కడుంటాం? పొయ్యి దగ్గర. దోసె మాడిపోతుందనో, స్కూలు బస్సు వచ్చేస్తుందనో ఆపుకుంటాం. పావుగంట గడిస్తే ఆ పిలుపు పోతుంది.

కాబట్టి ఇరవై నిమిషాలు ముందు లేవండి. రెండు గ్లాసుల వేడినీళ్ళు తాగి, మిద్దె మీదో వాకిట్లోనో కాసేపు తిరగండి. తర్వాత పది నిమిషాలు మీవి. ఆ పది నిమిషాలు ఇంట్లోవాళ్ళు తలుపు కొట్టకూడదని ఒక మాట చెప్పిపెట్టండి. ఇది స్వార్థం కాదు. గొంతుక్కూర్చునే దొడ్డి ఈ పనికి మంచిది. కుర్చీలాంటి కమోడైతే కాళ్ళకింద జానెడెత్తు పీట వేసుకుని కాస్త ముందుకు వంగి కూర్చోండి, మలమార్గం సాఫీ అవుతుంది. ఫోను లోపలికి తీసుకుపోవద్దు. ఊరికే అరగంట కూర్చున్నా, గట్టిగా ముక్కినా మొలలు రావచ్చు. రాకపోతే లేచి వచ్చేయండి, మళ్ళీ పిలిచినప్పుడు వెళ్ళవచ్చు.

ఇంట్లో మిగతావాళ్ళు

పిల్లలు ఒకసారి నొప్పిపుడితే భయపడి బిగబట్టుకుంటారు. బిగబట్టేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి పుడుతుంది. వాళ్ళను తిట్టకండి. భోజనమైన తర్వాత ఐదు నిమిషాలు తీరిగ్గా కూర్చోబెట్టండి. స్కూల్లో దొడ్డి శుభ్రంగా లేదని పగలంతా ఆపుకుంటున్నారేమో మెల్లగా అడగండి. అన్నం మాని పాలే ఎక్కువ తాగుతుంటే తగ్గించండి. తల్లిపాలు తాగే బిడ్డకు, పుట్టి నెల దాటాక, రెండు మూడు రోజులు కాకపోయినా మెత్తగా అవుతూ, హాయిగా పాలు తాగుతుంటే కంగారు పడక్కరలేదు. పసిపిల్లల నోట్లో ఆముదం పోయడం మాత్రం మానేయండి. అది పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలవల్ల కొందరికి మలబద్ధకం వస్తుంది. అలాగని మాత్రలు మానకండి. బిడ్డకూ మీకూ రక్తం కావాలి. పీచూ నీళ్ళూ పెంచి, ఇబ్బంది తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. గర్భంతో ఉన్నప్పుడు ఆముదం తాగడం చాలా ప్రమాదం, అది గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది.

పెద్దవాళ్ళు పళ్ళు లేక రొట్టె నమలలేరు. వాళ్ళకు పలుచటి రాగి అంబలి, మెత్తటి పప్పుకూర, బొప్పాయి ముక్కలు పెట్టండి. రాత్రి చలిలో లేవాల్సి వస్తుందని వాళ్ళు సాయంత్రంనుంచే నీళ్ళు మానేస్తారు. పగలే ఎక్కువ తాగేలా చూడండి. దగ్గు మందులు కొన్ని, బి.పి. మాత్రలు కొన్ని, కాల్షియం మాత్రలు కూడా బిగువు తెస్తాయి. వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి. చలి అందరికన్నా ఎక్కువగా అనిపిస్తూ, ఒళ్ళు బరువెక్కి, జుట్టు రాలుతూ, మలబద్ధకం కూడా ఉంటే అది థైరాయిడ్ లోపం కావచ్చు. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

మందులు ఎప్పుడు?

ఇవన్నీ చేసినా కుదరకపోతే ఇసబ్‌గోల్ పొట్టు మంచిదే. ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. పొడిగా నోట్లో వేసుకున్నా, చాలీచాలని నీళ్ళతో మింగినా గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డం పడవచ్చు. మింగడం కష్టమైనవాళ్ళు దీని జోలికి పోకూడదు. సునాముఖి ఆకు కలిసిన చూర్ణాలు, విరేచనం మాత్రలు ఎప్పుడో ఒకసారి ఫరవాలేదు గానీ డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడకండి. కడుపునొప్పి, వాంతులు, ఉబ్బరం ఉండి, గాలి కూడా పోవడం లేదంటే ఏ విరేచనం మందూ వేయకండి. అది పేగు మూసుకుపోయిన లక్షణం కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు మా చిన్నమ్మ సంగతి. ఆమెకు యాభై దాటాయి. రెండు చలికాలాలపాటు సాఫీగా కాలేదు. అప్పుడప్పుడు రక్తం కూడా పడింది. ఎవరైనా అడిగితే "చలికి అట్లే అయితాదిలేమ్మా" అనేది. రక్తం మాట చిన్నాయనకు కూడా చెప్పలేదు. మొలలే అనుకుని, ఎవరో చెప్పిన పసరు తాగుతూ వచ్చింది. మనిషి పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంటే సంక్రాంతికి వచ్చిన కూతురు పట్టుబట్టి తీసుకుపోయింది. గొట్టం పరీక్షలో పెద్దపేగులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. అదృష్టం బాగుండి ఈరోజు తిరుగుతూ ఉంది. "ఒక్క మాట, ఒక్క మాట ముందే చెప్పింటే ఇంత కోత ఉండేది కాదంట కదే" అని నాతో అన్నప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు నేను మరిచిపోలేదు.

రక్తం పడితే అన్నిసార్లూ అదే అని కాదు, చాలావరకు మొలలో, చీలికో అయి ఉంటుంది. కానీ ఏదన్నది చూసి చెప్పాల్సింది డాక్టరే, మనం కాదు. మలంలో రక్తం పడినా, నల్లగా తారులా అయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఒంట్లో రక్తం తగ్గినా, నలభై ఐదేళ్ళు దాటాక ఉన్నట్టుండి అలవాటు మారినా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా ఇంటి వైద్యాలతో కాలం గడపకండి. మగ డాక్టరుకు చెప్పడానికి సిగ్గయితే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చెప్పడం ముఖ్యం.

ఈ రాత్రికి అన్నం కొంచెం తగ్గించి రెండు జొన్నరొట్టెలు చెయ్యండి. పొయ్యి పక్కన నీళ్ళ ఫ్లాస్కు పెట్టుకోండి. రేపు పొద్దున ఆ పది నిమిషాలు మీకోసం తీసుకోండి. ఇంట్లో ఉన్న అమ్మనో, అత్తనో పక్కన కూర్చోబెట్టుకుని, "కడుపు సాఫీగా ఉంటోందా?" అని మీరే ఒక మాట అడగండి. మనం అడగనిదే వాళ్ళు చెప్పరు.